వంద కిలోమీటర్లు మా తమ్ముడివి

మీరు దొంగలు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, నేర్చుకోవాలనీ లేదు. వెర్చెల్లి పట్నంలో కఫే పైమేడ మీద తోలు కుర్చీల్లో కూర్చున్న నడక క్లబ్బు పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నాను. కవలియేరే టోర్లాస్కో, అందరికంటే ముందు నిన్ను అంటున్నాను. రాజుగారిచ్చిన ఆ కవలియేరే బిరుదు కోటుకి తగిలించుకుని తిరిగే నువ్వు, అంతమంది చూస్తుండగా, మా తమ్ముడు ఎవాజియో రోంకో గెలిచిన వంద కిలోమీటర్లను లాక్కుని నీ అన్నకొడుకు చేతిలో పెట్టావు. దానికి నువ్వు వాడిన కత్తి నాది. నేనే నూరి నీ చేతికందించాను. అందుకే పదిహేనేళ్ళయినా నా కడుపు చల్లారలేదు.

ఆ ఒక్క వేసవి సంగతి చెబుతాను. ఎవరు దొంగో చదివినవాళ్ళే తేల్చుకుంటారు.

పంతొమ్మిది వందల ఆరు. మే నెలాఖరుకి వరి మడుల్లో కలుపు తీత మొదలైంది. నలభైమంది ఆడవాళ్ళం మోకాటి లోతు నీళ్ళలో వరసగా వంగి ఉండేవాళ్ళం. పొద్దున తొమ్మిదింటికి ఎవాజియో గట్టు మీద వచ్చేవాడు. వాడు టపా మనిషి. వెర్చెల్లి టపా కచేరీలో సంచి భుజాన వేసుకుంటే, త్రీనో రోడ్డు మీది పద్నాలుగు కమతాలూ దాని చుట్టుపక్కల మూడు ఊళ్ళూ తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. రోజుకి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే.

ఆ మే నెలలో వాడి నడక మారింది. కాళ్ళు కర్రల్లా బిగిసి ముందుకు పడుతున్నాయి, నడుం మాత్రం గిరగిరా తిరుగుతోంది.

"ఒరేయ్ ఎవాజియో, నడుం ఎవరిదగ్గర అరువు తెచ్చావురా? నీ ఒంటికి అతకడం లేదు!" అని తోమాజీనా అత్త నీళ్ళలోంచి అరిచింది. అరవై దాటిన మనిషి. మా వరసకి పెద్ద. పాట అందుకున్నా ఆవిడే, తిట్టు అందుకున్నా ఆవిడే.

"పందెం నడక అత్తా. వెనక కాలు లేవకముందే ముందు కాలు నేలకి ఆనాలి. మోకాలు వంగకూడదు. రెండు కాళ్ళూ గాల్లో కనబడ్డాయంటే అది పరుగు. పందెంలోంచి గెంటేస్తారు."

"మా రెండు కాళ్ళూ పుట్టినప్పట్నుంచీ బురదలోనే ఉన్నాయి కదరా. మాకెవడూ పతకం ఇవ్వడేం?"

"నువ్వొస్తే నేను పేరు వెనక్కి తీసుకుంటా అత్తా. నీతో ఎవడు నెగ్గుతాడు?"

వరసంతా పగలబడి నవ్వింది. మేస్త్రీ గట్టు మీంచి కర్ర ఊపాడు. ఎవాజియో నడుం తిప్పుకుంటూ పోయాడు.

సంగతేమిటంటే, నడక క్లబ్బు వాళ్ళు సెయింట్ జాన్ పండగనాడు వంద కిలోమీటర్ల పందెం పెట్టారు. గెలిచినవాణ్ణి జూలైలో మిలానోకి పంపుతారు. అక్కడ దేశంలో పేరున్న నడకగాళ్ళందరూ వస్తారు. ఆ ప్రకటనలు కమతాలకి మోసింది వాడే. ఒకటి మిగిలితే ఇంటికి తెచ్చాడు. కింద చిన్న అక్షరాల్లో 'ఔత్సాహికులకు మాత్రమే' అని ఉంది.

"అంటే ఏంటక్కా?"

నేను బడికి పోయింది రెండేళ్ళు. మిగతాది పాత పేపర్లూ కరపత్రాలూ చూసి నేర్చుకున్నాను. అయినా మా పేటలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

"పందేల్లో నడిచి డబ్బు తీసుకోనివాళ్ళని. నువ్వెప్పుడన్నా తీసుకున్నావా?"

"పందెమే నడవలేదు కదా."

"అయితే పేరివ్వు."

అదే వారం ఇంకో కాగితం కూడా రాశాను. దాని గురించి చెప్పాలి. టపా వాళ్ళకి ఏడాదికి ఒక్క జత బూట్లు ఇచ్చేవాళ్ళు. ఎవాజియోవి నాలుగు నెలలకే అరిగిపోయేవి. మిగతా ఎనిమిది నెలలూ చెక్క అడుగు వేయించుకుని నడిచేవాడు. జిల్లాలో ఉత్తరాలు పంచేవాళ్ళు ముప్పై ఒక్కమందినీ పోగేసి, రెండో జత ఇవ్వాలని జిల్లా కౌన్సిలుకి అర్జీ పెట్టాను. వంటింటి బల్ల మీద రాస్తుంటే వాడు ఎదురుగా కూర్చుని ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాడు.

"విను," అని, రోజుకి ముప్పై ఎనిమిది కిలోమీటర్లని వాడి లెక్క రాసిన చోటు నుంచి చదివాను. "ఈ మనిషికి నడకే పని. నడిచినందుకే జీతం. కిలోమీటర్లు కొలిచి మరీ ఇస్తున్నారు. గుర్రానికి నాడాలు కొట్టించే ప్రభుత్వం మనిషికి బూట్లు ఎందుకివ్వదు? ఎలా ఉంది?"

"కోపంగా ఉంది."

"ఉండాలి."

వాడు కాసేపు నీళ్ళలో వేళ్ళు కదిలించాడు. "నాకు నడవడం ఇష్టమని కూడా ఒక ముక్క వెయ్యరాదూ? జీతం ఇవ్వకపోయినా నడుస్తానక్కా నేను. పొద్దున్నే గట్టు మీద ఎవరూ లేనప్పుడు భలే ఉంటుంది."

"ఆ ముక్క రాస్తే రెండో జత సంగతలా ఉంచు, ఉన్న జతా లాక్కుంటారు. నోర్మూసుకుని సంతకం పెట్టు."

నవ్వి సంతకం పెట్టాడు. ముప్పై ఒకటిలో మొదటి సంతకం వాడిదే.

పండగ ఆదివారం తెల్లవారుజామున పంతొమ్మిదిమంది వెర్చెల్లి స్టేషను ముందు బారులు తీరారు. నొవారాకి పోయి రావాలి, మళ్ళీ పోయి రావాలి, ఆఖర్న ఊరి చుట్టూ తిరగాలి. కవలియేరే అన్నకొడుకు లొడొవీకో టోర్లాస్కో తెల్ల ఫ్లానెల్ బట్టలు వేసుకొచ్చాడు. లా చదివే కుర్రాడు. అబద్ధం ఎందుకాడాలి, బాగా నడుస్తాడు. వెనకాల బండిలో మిలానో నుంచి తెప్పించిన శిక్షకుడు, కోడి రసం, గుడ్లు, కోన్యాక్ బ్రాందీ సీసా. మావాడికి తోమాజీనా అత్త కుట్టిన చొక్కా, నేను గుడ్డలో కట్టిచ్చిన బీన్సన్నం ముద్ద, వెనిగర్ కలిపిన నీళ్ళ సీసా.

ఆదివారం మడుల్లో పని లేదు. మేమంతా సెసియా నది వంతెన మీద కాపు వేశాం. మొదటిసారి వచ్చినప్పుడు ఎవాజియో ఆరోవాడు. రెండోసారి నాలుగు. మూడోసారి ఎండ నడినెత్తికెక్కింది, రెండోవాడు. తోమాజీనా అత్త వాణ్ణి పేరు పెట్టి పిలవడం మానేసి పునీతుల పేర్లన్నీ వరసపెట్టి పిలుస్తోంది.

నాలుగోసారి వంతెన మొదట్లో లొడొవీకో కనిపించాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇరవై గజాల వెనక మావాడు. ఇద్దరికీ పక్కగా పందెం జడ్జి బెర్తోలా సైకిలు తొక్కుతున్నాడు. బడిపంతులు ఆయన. కళ్ళు వాళ్ళ పాదాల మీంచి తీయడు. వంతెన నడిమికి వచ్చేసరికి మావాడు అందుకున్నాడు. లొడొవీకో నోరు ఎండిపోయి నాలుక బయటికొచ్చింది. వాడి బండి జనంలో చిక్కుకుని వెనకే ఉండిపోయింది.

"నీళ్ళు తాగండి బాబూ," అని ఎవాజియో తన సీసా ఇచ్చాడు, అడుగు తప్పకుండానే.

లొడొవీకో సగం తాగి సీసా తిరిగిచ్చాడు. "నువ్వు పో రోంకో. నీదే ఇది," అన్నాడు. నా చెవులతో విన్నాను. నాతో పాటు నలభైమంది విన్నారు.

మావాడు పోయాడు. మొత్తం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు నడిచి స్టేషను ముందు తాడు తెంపాడు. లొడొవీకో ఇంకో పద్నాలుగు నిమిషాలకి వచ్చాడు. బెర్తోలా మాస్టారు సైకిలు దిగి అందరూ వినేట్టు చెప్పాడు: "వంద కిలోమీటర్లూ చూశాను. ఈ మనిషి రెండు పాదాలూ ఒక్కసారి కూడా నేల వదల్లేదు." అప్పుడు తోమాజీనా అత్త ఎవాజియో రెండు చెవులూ పట్టుకుని లాగి ముద్దుపెట్టుకుంది.

పతకం మాత్రం ఇవ్వలేదు. అభ్యంతరం ఒకటి వచ్చిందట, బుధవారం క్లబ్బుకి రమ్మన్నారు.

ఆడవాళ్ళని పైకి రానివ్వరు. నేను మెట్ల మీద ఆఖరి మెట్టు దాకా పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. నౌకరు అడ్డం వస్తే ఒక చూపు చూశాను, తప్పుకున్నాడు. లోపల పొడుగాటి బల్ల. ఒక చివర కవలియేరే, నున్నగా దువ్విన తెల్ల గడ్డం. రెండో చివర ఎవాజియో, టోపీ చేతిలో. గోడవార లొడొవీకో.

"రోంకో, నువ్వు చాలా గొప్పగా నడిచావు. అందులో ఎవరికీ సందేహం లేదు," అన్నాడు కవలియేరే. వాడి గొంతు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. "కానీ మాకో నియమం ఉంది. నడకతో సంపాదించేవాడు వృత్తివాడు. వృత్తివాళ్ళని పెద్దమనుషులతో పోటీకి నిలపకూడదు."

"నేను పందేనికి ఎప్పుడూ డబ్బు తీసుకోలేదండి."

"పందేనికని నేనన్నానా?" జేబులోంచి కాగితం తీశాడు. నా అర్జీ. వాడు జిల్లా కౌన్సిలులో మెంబరని నాకు తెలుసు. తెలిసే పంపాను. బుద్ధి తక్కువదాన్ని. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. "ఈ మనిషికి నడకే పని. నడిచినందుకే జీతం. కిలోమీటర్లు కొలిచి మరీ ఇస్తున్నారు." కాగితం మడిచాడు. "కింద మొదటి సంతకం నీదే."



"రాసింది నేను!" అని తలుపులోంచి అరిచాను. "మీ అన్నకొడుక్కి అన్నం పెట్టి, శిక్షకుణ్ణి పెట్టి, బండి పెట్టి నడిపిస్తున్నారే, దాన్నేమంటారు? వాడు ముట్టేది డబ్బు కాదా?"

"అది కుటుంబ వ్యవహారం అమ్మా," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నేను అడిగేది ఒక్కటే. ఈ కాగితంలో ఉన్నది నిజమా, అబద్ధమా? అబద్ధమంటే పతకం ఇక్కడే ఇస్తాను. కౌన్సిలులో కూడా అబద్ధమనే రాసుకుంటాం మరి."

అబద్ధమంటే ముప్పై ఒక్కమంది బూట్లు పోతాయి. నిజమంటే వంద కిలోమీటర్లు పోతాయి. నేను నోరు తెరిచాను. ఏం చెబుదామని తెరిచానో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవాజియో నా వైపు చూడనైనా లేదు.

"అక్క రాసింది నిజమేనండి," అన్నాడు. "కాకపోతే ముప్పై ఎనిమిది అని రాసింది. వానలకి కట్ట తెగినప్పుడు నలభై రెండు అవుతుంది."

టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

గోడవార లొడొవీకో బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. వంతెన మీద "నీదే ఇది" అన్న నోరు అక్కడ పెగల్లేదు. బెర్తోలా మాస్టారు ఒక్కడే లేచి, ఇది అన్యాయమని చెప్పి, మళ్ళీ కూర్చున్నాడు. కూర్చోకుండా ఉండాల్సింది.

ఇంటికి వెళ్ళే దారంతా వాణ్ణి తిట్టాను. నన్ను నేను తిట్టుకోలేక. "ఊరుకో అక్కా, బూట్లు వస్తాయిగా," అన్నాడు. వచ్చాయి కూడా, ఆ ఆగస్టులో. ముప్పై ఒక్క జతలు. ఆ బూట్ల చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

జూలై మొదటి వారంలో ఒక సంగతి తెలిసింది. మిలానో పంపేముందు లొడొవీకోని ఊరేగిస్తారట. గురువారం పొద్దున త్రీనో రోడ్డు మీద కవలియేరే కమతం దాకా నడుస్తాడు. ముందు బండిలో బాండు మేళం, వెనక బండ్లలో క్లబ్బు వాళ్ళు. మేళంలో పెద్ద బాకా ఊదేవాడు తోమాజీనా అత్త అల్లుడు. ఆవిడే చెప్పింది.

"త్రీనో రోడ్డంటే మనవాడి రోడ్డేగా," అన్నాను.

"గురువారం వాడికి ఉత్తరాలు ఉంటాయో ఉండవో," అంది అత్త, నా మొహంలోకి చూస్తూ.

"ఉంటాయి."

పద్నాలుగు కార్డులు కొన్నాను. పద్నాలుగు కమతాలకి ఒక్కోటి. అన్నిటి మీదా ఒకే ముక్క: 'ఈ మనిషికి నడకే పని.' కింద మా వరసలోని ఆడవాళ్ళు పంచుకుని సంతకాలు పెట్టారు. రాయడం రానివాళ్ళు అడ్డగీత నిలువుగీత పెట్టారు. బుధవారం డబ్బాలో వేశాను.

గురువారం పొద్దున ఎవాజియో కచేరీకి బయల్దేరుతుంటే చెప్పాను, కార్డులున్నాయని.

"ఎన్ని?"

"పద్నాలుగు."

"అంటే ప్రతి గేటు దగ్గరా ఆగాలన్నమాట."

"ఆగకపోతే ఉద్యోగం పోతుంది. ఆగు. ఆగి నడువు."

వాడికి కోపం లేదనుకునేవాళ్ళు వాణ్ణి ఎరగరు. వంగి లేసులు బిగించుకున్నాడు. రెండు బూట్లకీ, మెల్లగా.

మేము మడుల్లో ఉన్నాం. ముందు మేళం వినబడింది. తర్వాత దుమ్ము. దుమ్ములోంచి తెల్ల ఫ్లానెల్. లొడొవీకో బాగానే నడుస్తున్నాడు, చెయ్యి కూడా ఊపాడు మాకు. వాడికి పది గజాల వెనక మావాడు, భుజాన సంచి. మొదటి గేటు దగ్గర ఆగాడు. గంట కొట్టాడు. మనిషి వచ్చేదాకా నిలబడి కార్డిచ్చాడు. ఊరేగింపు చాలా దూరం పోయింది. రెండో గేటు వచ్చేలోపల దాన్ని దాటాడు. అక్కడ మళ్ళీ ఆగాడు. వాళ్ళు మళ్ళీ దాటారు. మూడో గేటు వచ్చేలోపల వీడు మళ్ళీ దాటాడు.

"మూడు!" అని తోమాజీనా అత్త నీళ్ళలోంచి కేక పెట్టింది. తర్వాత గేటు నుంచి నలభైమందిమీ పెట్టాం. "నాలుగు!" మా పక్క కమతంలో వంగినవాళ్ళు నడుం ఎత్తి వాళ్ళూ అందుకున్నారు. "అయిదు!" రోడ్డు పొడుగునా మడి తర్వాత మడిలో ఆ కేక ముందుకి పోతోంది. మేస్త్రీలు అరిచీ అరిచీ ఊరుకున్నారు. మేము గట్టెక్కి రోడ్డు వెంబడి నడిచాం.

ఎనిమిదో గేటు దగ్గర బాకా ఆగిపోయింది. నవ్వుతూ బాకా ఊదడం ఎవరి తరం? తొమ్మిదో గేటు దగ్గర మేళమే ఆగిపోయింది. ఇక ఆ రోడ్డు మీద వినబడుతున్నవి రెండు జతల బూట్లు, మా కేకలు. కవలియేరే బండిలోంచి లేచి నిలబడి "ఆ మనిషిని పక్కకి తప్పించండి!" అంటున్నాడు. ఎవరు తప్పిస్తారు? ప్రభుత్వపు సంచి.

పదకొండో గేటు దాటాక మావాడు మళ్ళీ వెనక నుంచి వచ్చి పక్కకి చేరాడు. లొడొవీకో తల తిప్పి చూశాడు. ఆ చూపుతో వాడి నడక చెడింది. అడుగు పెంచాడు. ఇంకా పెంచాడు.

"గాల్లో ఉన్నాయి!" అని అత్త గుండెలు పగిలేలా అరిచింది. "రెండూ గాల్లోనే! పరుగెడుతున్నాడు!"

నలభై వేళ్ళు లేచాయి. నిజంగానే పరుగు. పసిపిల్లకి కూడా తెలిసే పరుగు. వెంట సైకిలు మీద వస్తున్న బెర్తోలా మాస్టారు బ్రేకు వేసి, దిగి, నెత్తి మీది టోపీ తీశాడు. లొడొవీకో ఇంకో ఇరవై అడుగులు పోయి ఆగాడు. రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చుకున్నాడు. తర్వాత బాబాయి బండి ఎక్కాడు.

ఎవాజియో ఆగలేదు. పన్నెండు, పదమూడు పంచాడు. పద్నాలుగో గేటు టోర్లాస్కోలది. బండి అక్కడికి చేరేసరికి వాడు గేటు పక్క నిలబడి ఉన్నాడు.

"మీకు ఉత్తరం వచ్చిందండి, కవలియేరే గారూ."

కవలియేరే పుచ్చుకున్నాడు. చదివాడు. చదవడానికి ఈసారి కళ్ళజోడు అక్కర్లేకపోయింది. ఆ మొహం చూసినప్పుడు నేను తిన్న అన్నం నాకు మొదటిసారి ఒంటపట్టింది. ఇప్పుడు కూడా చెబుతున్నాను, అందుకు నాకు సిగ్గు లేదు.

లొడొవీకో మిలానో పోలేదు. జ్వరమని పత్రికలో వేయించారు. మా పట్నం నుంచి ఆ ఏడు ఎవరూ పోలేదు. జూలై సగంలో కలుపు తీత అయిపోయింది. అదే వారం ఎవాజియోని కొండల్లోకి, లోయ చివరి ఊరికి బదిలీ చేశారు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వాడి మంచం గోడకి ఆనించి పెట్టాను. మళ్ళీ ఏ పందేనికీ వాడు పేరివ్వలేదు. ఇవ్వమని నేను అడగలేదు.

యుద్ధం వచ్చింది. సైన్యంలో వాడికి మళ్ళీ సంచే ఇచ్చారు, కబుర్లు మోసే సంచి. ఒక కందకం నుంచి ఇంకో కందకానికి రాళ్ళ మీద నడిపించారు. నువ్వు వృత్తివాడివా, ఔత్సాహికుడివా అని అక్కడ ఎవడూ అడగలేదు. పంతొమ్మిది వందల పదిహేడు మే నెలలో ఫిరంగి గుండు తగిలింది. సంచిలో ఉన్న కాగితాలు పాడవలేదని రాశారు నాకు.

పోయిన నెల మీ క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. కఫే గోడకి చలవరాయి పెడుతున్నారట. ఒక పక్క పందేలు గెలిచినవాళ్ళ పేర్లు, ఏడాది వారీగా. ఇంకో పక్క దేశం కోసం ప్రాణాలిచ్చిన క్లబ్బు మిత్రులు. ఎవాజియో రోంకో పేరు ఆ మిత్రుల్లో చెక్కడం మీకు గర్వకారణమట. పుట్టిన తేదీ పంపమన్నారు. పోయి ఆ రాయి చూశాను. రెండో పక్క వాడి కోసం జాగా వదిలారు. మొదటి పక్క 1906 ఎదురుగా లొడొవీకో టోర్లాస్కో అని అప్పుడే చెక్కేశారు.

పుట్టిన తేదీ పంపను. మీరు మిత్రులు కారు. చచ్చినవాడు నోరెత్తడు కాబట్టి వాడు మీకు ఇప్పుడు నచ్చాడు. మీ చచ్చినవాళ్ళ వరసలో వాడి పేరు ఒక్క అక్షరం కూడా చెక్కడానికి వీల్లేదు.

లొడొవీకో, నువ్వు బతికే ఉన్నావు, వకీలువయ్యావు, రోజూ ఆ కఫేలోనే కాఫీ తాగుతున్నావు. వంతెన మీద నువ్వన్న మాట విన్నవాళ్ళలో ముప్పై మందికి పైగా ఇంకా బతికి ఉన్నారు, వాళ్ళందరూ ఈ ఉత్తరం కింద సంతకాలు పెట్టారు. ఈ ఆదివారం నువ్వే సుత్తీ ఉలీ పట్టుకుని రా. అందరి ముందూ నీ పేరు నీ చేత్తోనే కొట్టెయ్యి. ఆ చోట గెలిచినవాడి పేరు పెట్టించు, పక్కన వాడి పని కూడా చెక్కించు: ఎవాజియో రోంకో, టపా మనిషి.